మేనత్త యాదిమరుపు, గోలీల సంచీ

పొయ్యి మీద ఎసరు పెట్టి మా మేనత్త ఆ సంగతే మరిచిపోయింది. నీళ్ళు ఇంకిపోయి, గిన్నె మాడి, పక్కనున్న చాట అంటుకుంది. పెంకుల సందుల్లోంచి పొగ రావడం చూసి పక్కింటివారు పరుగెత్తుకొచ్చి నీళ్ళు చల్లారు. ఇంత జరుగుతున్నా ఆమె అరుగు మీదే కూర్చుని ఉన్నది. "ఏందవ్వా, పొయ్యి మీద ఏం పెట్టినవ్?" అని అడిగితే "ఇంకా పొయ్యే ముట్టియ్యలే బిడ్డా" అన్నదట.

డెబ్బై రెండేళ్ళ మనిషి. అక్షరం ముక్క రాదు గాని లెక్క తప్పి ఎరగదు. ఏ మేక ఏ నెలలో ఈనిందీ, ఏ కోడలికి ఎన్ని తులాలు పెట్టిందీ, ఎవరి పెళ్ళిలో ఎంత చదివించిందీ నోటి మీదే ఉండేవి. అటువంటామె రెండేళ్ళలో మరో మనిషి అయిపోయింది. పింఛను డబ్బు తానే దాచి తానే వెతుక్కోవడం, ఒకే మాట నాలుగుసార్లు అడగడం, పట్టపగలు కునికిపాట్లు. పొద్దుగూకేసరికి "మీ మామ ఇంకా చేన్ల నుంచి రాలే" అని గుమ్మం వైపు చూడడం. మామ పోయి అప్పటికి మూడేళ్ళు.

కొడుకులిద్దరూ బతుకుదెరువుకు ఒకరు పూనాలో, ఒకరు హైదరాబాదులో ఉంటున్నారు. పాలమూరు పల్లెల్లో ఇది ఇంటింటి కథే. చాట కాలిన వార్త విని ఇద్దరూ వచ్చారు. మేకలను అమ్మెయ్యాలి, ఇంటికి తాళం పెట్టాలి, అమ్మను నెలకొకరు వంతులవారీగా ఉంచుకోవాలి అని తీర్మానించుకున్నారు. "ముసలితనం వచ్చె, మతి పాయె, ఏం జేస్తం" అన్నాడు పెద్దవాడు. ఆ మాటలో నిర్లక్ష్యం లేదు. ముసలితనానికి మందు లేదని అందరమూ అనుకుంటాం కదా, అదే అతనూ అనుకున్నాడు.

వెళ్ళేముందు ఒక్కసారి చూపిద్దామని జిల్లా కేంద్రంలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోతే నేనూ తోడు వెళ్ళాను. ఆయన నాడి చూడకముందే అడిగిన ప్రశ్న: "ఏమేం గోలీలు వేసుకుంటుంది?"

"బీపీ గోలీ, షుగర్ గోలీ, రెండే సారూ" అన్నాడు పెద్దవాడు.

"ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసుకుని రేపు రండి. ఒక్కటి కూడా వదలొద్దు" అన్నాడాయన.

మర్నాడు సంచి బోర్లిస్తే బల్ల నిండింది. రెండేళ్ళ కిందట దురదకని ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన ఫెనిరమైన్. పల్లెల్లో ఎవిల్ అంటే అందరికీ తెలిసిన బిళ్ళ అదే. మామ పోయిన దిగులులో నిద్ర పట్టడం లేదంటే ఎవరో పది రోజులకని రాసిచ్చిన అల్ప్రాజొలామ్. పది రోజులది మూడేళ్ళయింది, మందుల దుకాణంలో చీటీ అడిగినవారు లేరు. మూత్రం ఆగడం లేదని చిన్న కొడుకు దగ్గర ఉన్నప్పుడు పట్నంలో రాయించుకున్న ఆక్సిబ్యుటినిన్. పరగడుపున వేసుకునే గ్యాసు గోలీ ఒమెప్రజోల్. షుగరుకు మెట్‌ఫార్మిన్. అన్నిటికన్నా అడుగున, చింపని అట్టలు ఆరు. అవి బీపీ గోలీలు.

"మస్తు గోలీలయినయి సారూ, గందుకే గవి ఇడిసిపెట్టిన" అన్నది మేనత్త.

డాక్టరు నవ్వలేదు. "వేసుకోవలసింది విడిచిపెట్టి, విడవవలసినవి వేసుకుంటున్నావు తల్లీ" అన్నాడు.

ఉమ్మెత్తకు చుట్టాలు

ఉమ్మెత్త కాయ తిన్నవాడి అవస్థ మన పల్లెల్లో చూడకపోయినా వినని వారుండరు. నోరు పిడచగట్టుకుపోతుంది. కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. మూత్రం బిగుస్తుంది. గాలిలో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడిస్తాడు, సొంత మనుషులను గుర్తు పట్టడు, తేరుకున్నాక జరిగిన సంగతి ఒక్కటీ గుర్తుండదు. పూర్వం దారిదోపిడీ ముఠాలు బాటసారుల తిండిలో ఉమ్మెత్త గింజలు కలిపింది ఈ గుణం తెలిసే.

ఉమ్మెత్తలో ఉన్న విషం పేర్లు అట్రోపిన్, హయోసిన్. మన మెదడులో ఒక కణం మరో కణానికి కబురు పంపుకోవడానికి కొన్ని రసాయనాలున్నాయి. వాటిలో అసిటైల్‌కోలిన్ అనేది ఒకటి. విన్న మాట మనసున నాటుకోవాలన్నా, చేస్తున్న పని మీద ధ్యాస నిలవాలన్నా ఈ కబురు అందాలి. ఉమ్మెత్త విషం ఆ కబురును గమ్యం చేరనీయదు.

ఇదే పనిని ఎంతో కొంత మోతాదులో చేసే గోలీలు మన ఇళ్ళలో చాలానే ఉన్నాయి. సర్దికి, దురదకు ఇచ్చే పాతకాలపు మందులు - ఫెనిరమైన్, క్లోర్‌ఫెనిరమైన్, ప్రొమెథజైన్, హైడ్రాక్సిజైన్; కడుపునొప్పికి ఇచ్చే డైసైక్లోమిన్; మూత్రం ఆగడానికి ఆక్సిబ్యుటినిన్; నరాల నొప్పులకు, దిగులుకు అమిట్రిప్టిలిన్; చేతుల వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్. ఇవి విషాలని కాదు. చుట్టరికంలో దగ్గరదీ దూరపుదీ ఉన్నట్టే వీటిలోనూ బలమైనవీ బలహీనమైనవీ ఉన్నాయి. పాతికేళ్ళవాడు సర్దికి ఒక బిళ్ళ వేసుకుంటే రెండు గంటలు నిద్రపోయి లేస్తాడు, అంతటితో సరి. డెబ్బై ఏళ్ళ శరీరంలో కాలేయం, మూత్రపిండాలు మందును అంత త్వరగా బయటికి పంపలేవు. మెదడులో అసిటైల్‌కోలిన్ నిల్వ కూడా అప్పటికే పలచబడి ఉంటుంది. దురదకొకటి, మూత్రానికొకటి, నరాలకొకటి కలిసాయంటే మూడు చిన్న మోతాదులు ఒక పెద్ద మోతాదవుతుంది. రాసిన ముగ్గురిలో ఎవరికి వారికి తాము రాసిందే తెలుసు. మిగతా రెండూ సంచిలో ఉంటాయి.

1991లో మార్క్ బీర్స్ అనే అమెరికా వైద్యుడు ముసలివారికి పెట్టకూడని మందుల జాబితా ఒకటి తయారుచేయించాడు. ఆయన పేరుతోనే పిలిచే ఆ జాబితాను ఇప్పటికీ ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు. అరవై అయిదు దాటినవారికి పాతకాలపు సర్ది, దురద మందులు వద్దని అందులో ఉంది. ఆ వయసువారికి దురద వస్తే సాధారణంగా సెట్రిజిన్, లోరటడిన్ వంటి తర్వాతి తరం మందులు మేలు, అందులోనూ లోరటడిన్ మత్తు తక్కువది.

దీనిలో విచిత్రం ఒకటుంది. మతిమరుపు జబ్బుకు డాక్టర్లు రాసే డొనెపెజిల్ అనే గోలీ చేసే పని మెదడులో అసిటైల్‌కోలిన్‌ను పెంచడం. ఆ గోలీ వేసుకున్న కొందరికి మూత్రం ఆగదు. ఆగడం లేదని ఆక్సిబ్యుటినిన్ రాస్తారు. అది అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ లాగితే చేను దున్నినట్టే!

మరుపు వేరు, జబ్బు వేరు

ఇక్కడ రెండు సంగతులు కలగాపులగం కాకూడదు. గోలీ వేసుకున్న రోజుల్లో వచ్చే తికమక ఒకటి. ఇది కొత్త మందు మొదలుపెట్టిన రోజుల్లోనో వారాల్లోనో వస్తుంది. పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఒక రకంగా ఉంటుంది. వెంట నోరెండడం, మలబద్ధకం, తూలి పడడం ఉంటాయి. మందు తీసేస్తే చాలావరకు తగ్గుతుంది. రెండోది డిమెన్షియా. ఇది ఏళ్ళ తరబడి చాపకింద నీరులా వచ్చేది, మెదడే క్షీణించేది. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉందని 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం లెక్క తేల్చింది. పట్నాలకన్నా పల్లెల్లోనే, మగవారికన్నా ఆడవారిలోనే ఎక్కువ.

మొదటిది రెండోదానికి దారి తీస్తుందా? ఈ ప్రశ్నకు అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో అరవై అయిదు దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్ళకు పైగా గమనించి 2015లో ఒక జవాబు ప్రకటించారు. ఉమ్మెత్త జాతి మందులను మూడేళ్ళకు పైగా రోజూ వాడినంత మొత్తం మింగినవారిలో, అసలు వాడనివారికంటే డిమెన్షియా 54 శాతం ఎక్కువగా కనిపించింది. 2019లో ఇంగ్లండు పరిశోధకులు దాదాపు 2,84,000 మంది వైద్య రికార్డులు తిరగేస్తే అక్కడా ఇంచుమించు అంతే తేడా తేలింది. అయితే అన్ని మందులకూ కాదు. మూత్రం మందులు, దిగులు మందులు, వణుకు మందులు, మానసిక వ్యాధుల మందుల వంటివాటి విషయంలో అది కనబడింది. సర్ది, దురద, కడుపునొప్పి మందుల విషయంలో కనబడలేదు.

కాబట్టి దురద బిళ్ళ వేసుకున్నందుకే డిమెన్షియా వచ్చిందనడం తొందరపాటు. ఆ మాటకొస్తే మిగతావాటి విషయంలోనూ "ఎక్కువగా కనిపించింది" అన్నంతవరకే నిజం, "మందే తెచ్చింది" అన్నది ఇంకా రుజువు కావలసిన మాట. కాని అప్పటికప్పుడు వచ్చే తికమక మాత్రం రుజువైనదే. పొయ్యి మీద గిన్నె మాడడానికి అది చాలు.

నిద్ర గోలీ, కల్లు సీసా

అల్ప్రాజొలామ్, డయజిపామ్ వేరే జాతివి. ఇవి మెదడును జోకొడతాయి. జోకొట్టే పనిలో కొత్త జ్ఞాపకం నాటుకోకుండా కూడా చేస్తాయి. రాత్రి కొడుకుతో అరగంట ఫోనులో మాట్లాడి, "వాడు ఫోనే చెయ్యలే" అని పొద్దున అనే తల్లులున్నారు. ఆమె అబద్ధం ఆడడం లేదు, ఆ మాటలు ఆమె మెదడులో నిలవనే లేదు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు ఆ మత్తులో పడి తుంటి విరగ్గొట్టుకోవడం ఇంకో ప్రమాదం.

వీటి దీర్ఘకాలిక ప్రభావం మీద శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేదు. కెనడాలోని క్వెబెక్‌లో మతిమరుపు జబ్బున్న 1,796 మందిని, జబ్బులేని 7,184 మందితో పోల్చి చూస్తే మూడు నెలలకు మించి ఈ గోలీలు వాడినవారికి ముప్పు ఎక్కువని 2014లో తేలింది. రెండేళ్ళ తర్వాత అమెరికాలో జరిగిన మరో పరిశోధన అటువంటి సంబంధం లేదన్నది. చిక్కేమిటంటే, డిమెన్షియా బయటపడడానికి కొన్నేళ్ళ ముందునుంచే నిద్ర చెడుతుంది, గుబులు పుడుతుంది. గోలీ వల్ల జబ్బు వచ్చిందో, రాబోయే జబ్బు వల్లే గోలీ వచ్చిందో విడదీయడం కష్టం.

మన వైపు ఇంకో చిక్కుంది. నేను జన్మలో నిద్ర గోలీ ముట్టలేదని ప్రమాణం చేసే ముసలాయన రోజూ సాయంత్రం దాన్నే తాగుతుండవచ్చు. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లులో కలిపేవి అల్ప్రాజొలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేటే. చెట్టు కల్లులో ఈ గుణం లేదు, ఇది పొడి గుణం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు మూతపడినప్పుడు చేతులు వణుకుతూ, లేనివారితో మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరారు. 2023 ఏప్రిల్‌లో మన మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గ్రామాలవారే పలువురు ఆసుపత్రి పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలే తీసింది. ఇన్ని జరిగినా తాత మతిమరుపు గురించి డాక్టరు అడిగినప్పుడు కల్లు సంగతి చెప్పే ఇల్లు తక్కువ. అదేమన్నా మందా అనుకుంటారు. మందే. మోతాదు తెలియని మందు.

అందుకే ఈ వ్యాసం చదివి ఎవరూ నిద్ర గోలీని రేపటినుంచే బంద్ పెట్టకూడదు. ఏళ్ళ తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో వారాలు, నెలలు పట్టి కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. కల్తీ కల్లు అలవాటున్నవారికీ ఇదే వర్తిస్తుంది. ఇక చీటీ లేకుండా అల్ప్రాజొలామ్ అమ్మడం చట్టరీత్యా తప్పు. 2014 నుంచి ఈ మందును హెచ్-1 షెడ్యూలులో చేర్చారు. డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మోతాదు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మన మండల కేంద్రాల్లో ఆ రిజిస్టరు ఎన్ని దుకాణాల్లో నిండుతున్నదో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లే చెప్పాలి.

గ్యాసు గోలీ చేసే దొంగదెబ్బ

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాసు గోలీలు డిమెన్షియా తెస్తాయా అన్నదాని మీద పరిశోధనలు తలోమాట చెబుతున్నాయి. కాని ఒక్కటి స్పష్టం. తిండిలోని బి12 విటమిన్ విడివడాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లాన్నే ఈ గోలీ తగ్గిస్తుంది. షుగరుకు వేసే మెట్‌ఫార్మిన్ కూడా బి12 ఒంటబట్టకుండా చేస్తుంది. రెండూ కలిసి ఏళ్ళు గడిస్తే, అందులోనూ పాలు, గుడ్డు, మాంసం అంతంతమాత్రంగా తినేవారికి, కాళ్ళు తిమ్మిరెక్కడం, నాలుక మంట, నడక తూలడం, ఆ తర్వాత మరుపు వస్తాయి. రక్తపరీక్షలో ఇట్టే తేలుతుంది. త్వరగా కనిపెట్టి సూదులు వేస్తే చాలావరకు కుదురుతుంది, ఆలస్యమైతే కొంత పోయినట్టే.

షుగరువారికి ఇంకో జాగ్రత్త. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వేసుకుని పూట తినకుండా పనిలోకి పోతే షుగర్ పడిపోయి తికమక పుడుతుంది. ఆసుపత్రికి మోసుకుపోయేటంతగా షుగర్ పడిపోయిన అనుభవం ఉన్న ముసలివారిలో తర్వాతి కాలంలో డిమెన్షియా ఎక్కువని కాలిఫోర్నియాలో 16,667 మందిని గమనించి 2009లో చెప్పారు.

విడవకూడని గోలీ

ఇన్ని గోలీలను తప్పుపట్టాక అన్నిటినీ బావిలో పారేద్దామనిపిస్తుంది. అక్కడే పొరపాటు. మా మేనత్త పక్కనబెట్టిన బీపీ గోలీయే ఆమె జ్ఞాపకశక్తికి కాపలాదారు. రక్తపోటు ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే మెదడులోని వెంట్రుకవాసి రక్తనాళాలు గట్టిపడి, ఒక్కొక్క చోట మూసుకుపోయి, చూసేవారికి తెలియని చిన్న చిన్న పక్షవాతాలు వస్తాయి. ఆ మచ్చలన్నీ చేరి మరుపవుతాయి.

దీనికి రుజువు మన బోటి పల్లెల నుంచే వచ్చింది. చైనాలో 326 గ్రామాల్లో బీపీ ఉన్న సుమారు 34,000 మందిని తీసుకున్నారు. సగం గ్రామాల్లో పెద్ద డాక్టర్లు కాదు, ఊళ్ళో ఉండే గ్రామ వైద్యులే క్రమం తప్పకుండా బీపీ చూసి, నిర్ణయించిన పద్ధతి ప్రకారం గోలీలు పెంచుతూ తగ్గిస్తూ 130కి 80 లోపు ఉంచడానికి ప్రయత్నించారు. మిగతా సగంలో మామూలుగా జరిగేదే జరగనిచ్చారు. నాలుగేళ్ళు గడిచేసరికి మొదటి గ్రామాల్లో డిమెన్షియా 15 శాతం తక్కువ. 2025లో ఈ ఫలితం ప్రకటించారు. ఇది రికార్డులు తిరగేసి చెప్పిన లెక్క కాదు, చీటీలు వేసినట్టు గ్రామాలను విడదీసి చేసిన పరీక్ష. అందుకే దీని మాటకు బరువెక్కువ.

"బీపీ గోలీ అలవాటైతే ఇడిసిపెట్టదు" అని మనవాళ్ళు భయపడతారు. మూడేళ్ళు నిద్ర గోలీ మింగినామె ఈ మాట అనడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఉపకేంద్రంలో బీపీ చూస్తారు, గోలీలూ ఊరికే ఇస్తారు.

కొలెస్టరాల్ గోలీల మీదా ఒక అపవాదు ఉంది. 2012లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ వాటి చీటీ మీద మరుపు గురించి ఒక హెచ్చరిక చేర్పించిన మాట నిజం. అది అరుదని, మానేస్తే తగ్గేదని అప్పుడే చెప్పారు. ఆ తర్వాతి పరిశోధనల్లో అవి డిమెన్షియా తెస్తాయని తేలలేదు.

మేనత్త సంగతి

డాక్టరు ఆ రోజే ఫెనిరమైన్ మానిపించాడు. దురద ముసలి చర్మం ఎండడం వల్లే అని, స్నానం కాగానే కొబ్బరినూనె రాసుకోమన్నాడు. ఆక్సిబ్యుటినిన్ ఆపి, పొద్దుగూకాక చాయ్ తాగొద్దని, పడుకునేముందు ఒకసారి దొడ్డికి వెళ్ళి రమ్మని చెప్పాడు. నిద్ర గోలీని మాత్రం ముట్టుకోలేదు. నెల తర్వాత ముక్కాలు, ఆ తర్వాత అర, ఆ తర్వాత పావు, ఇలా అయిదు నెలలు పట్టింది. మధ్యలో పది రోజులు నిద్ర లేక కోడలిని తిట్టిపోసింది. బి12 పరీక్షలో తక్కువ వస్తే సూదులు వేశారు. బీపీ గోలీ వేసుకునే బాధ్యత పక్కింటి పదో తరగతి పిల్లకు అప్పజెప్పారు. ఆ పిల్ల రోజూ బడికి పోతూ గుమ్మంలో నిలబడి, మింగేదాకా కదలదు.

మొన్న దసరాకు వెళ్ళి కాళ్ళకు మొక్కితే నా ముఖం చూసి, "అల్లుడా, నీ చిన్నోడి పుట్టెంటికలకు నేను అయిదు నూర్లు చదివిచ్చిన. నా మనుమరాలి పెండ్లికి నువ్వు మూడు నూర్లే చదివిచ్చినవ్" అన్నది. నిజమే. తొమ్మిదేళ్ళ కిందటి మాట.

అంతా కుదిరిందని చెప్పలేను. అప్పుడప్పుడు చిన్న మనుమడిని పెద్దవాడి పేరుతో పిలుస్తుంది. పొద్దుగూకే వేళ ఒక్కోసారి గుమ్మం వైపు చూస్తూ మాట మధ్యలో ఆగిపోతుంది. ఇంకో ఏడాది చూడాలి, కొంత జబ్బు నిజంగానే మొదలై ఉండవచ్చు అన్నాడు డాక్టరు. ఇంటికి తాళం పడలేదు, వంతులూ లేవు.

మేకలను మాత్రం అప్పటికే అమ్మేశారు. ఏ మేకను ఎంతకు అమ్మారని కొడుకులను నిలదీస్తున్నది. వాళ్ళింకా లెక్క చెప్పలేదు.